ఈడిగ లొట్టి నుండి గుత్తదారు అంగడికి

కొండలను చీల్చుకొని గండి క్షేత్రము కడ వెలికి వచ్చి, వేంపల్లె మీదుగా పెన్నకు సాగిపోవు పాపాఘ్ని వంటి ఏళ్ల దరులను, వాగుల పల్లములను ఆశ్రయించి, ఎవరును నాటకయే, నీరు పోయకయే పెరుగు ఈతచెట్టు కడప సీమలో కల్లుగీయు ఈడిగ కుటుంబములకు తరతరముల జీవనాధారమై యుండెను. మోకును, గీతకత్తిని పూని సాయంకాలమున చెట్టెక్కి, మొవ్వ క్రింద పలుచగా గీచి లొట్టి కట్టి దిగివచ్చిన గీతకాడు మరునాటి వేకువన దానిని దింపునప్పటికి రసము తియ్యగా నుండును, ప్రొద్దెక్కిన కొలది తనంతనే పొంగి నురుగెత్తి కల్లగును, సాయంకాలమునకు పులిసిపోవును. గీత ఒకింత లోతైనచో చెట్టు చచ్చును, తేలికైనచో రసమూరదు. ఆ హస్తలాఘవమును తండ్రి చెంత కుమారుడు నేర్వవలసినదే కాని ఏ పాఠశాలయు నేర్పజాలదు. ఇట్టి విద్యను కేవలము మత్తునకు సాధనమని త్రోసిపుచ్చుట నాకు న్యాయముగా తోచదు.

మత్తు పానీయముల వ్యాపారము కొన్ని చోట్ల కొనుగోలుతో చేతులు మారినది. దక్షిణ భారతమున థామస్ లీష్మన్ 1915లో అయిదు బీరు కర్మాగారములను యునైటెడ్ బ్రూవరీస్ పేర ఏకము చేసెను. స్వాతంత్ర్యము వచ్చునాటికి విఠల్ మల్య వాటాలు కొని దానిని హస్తగతము చేసికొనెను. అచ్చట అమ్మినవాడు మూల్యము పొందెను. ఇచ్చట ఈడిగల వృత్తి పరుల పాలైనను కొనుగోలే జరుగలేదు. కడపతో కూడిన దత్తమండలములు 1800లో ఈస్టిండియా కుంఫిణీ వశమైన పిమ్మట ఆబ్కారీ రాబడి గుత్తలకును వేలముపాటలకును లోనై, 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టముతో లైసెన్సు లేనిదే కల్లు గీయుటయు, అమ్ముటయు నేరములైనవి. శ్రమయు, చెట్టుపైనుండి పడు ప్రమాదమును ఈడిగవే. అంగడి మాత్రము పాట పాడగల ధనవంతునిది. మద్యనిషేధము రాకమునుపే ఆ వృత్తి పరాధీనమైనదని నా నిశ్చితాభిప్రాయము.

మద్రాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలములో ఆరంభించిన నిషేధమును మరుసటి యేడు కడప, చిత్తూరు జిల్లాలకు విస్తరింపజేసెను. త్రాగుడుచే చితికిన ఇండ్లకు అది మేలే చేసినది. ఆ మేలును నేను కాదనను. కాని ప్రభుత్వము తాను కోల్పోయిన రాబడికి 1939లో అమ్మకపు పన్నును కల్పించుకొనగలిగెను, గీతకానికట్టి ఉపాయమేది? సున్నము పూసిన లొట్టిలో పులియని రసమును పట్టి బెల్లము వండుకొమ్మని చెప్పిరి. రసము కాచుటకు కట్టెలు కావలెను, బెల్లమునకు బేరము కుదురవలెను. కల్లునకట్టి కర్చు లేదు, కొనువాడు చెట్టు క్రిందనే నిలిచి యుండును.

1948 నాటికి నిషేధము రాష్ట్రమంతటను వ్యాపించెను. 1937 మంత్రివర్గమున రెవెన్యూ శాఖ వహించిన ప్రకాశం పంతులుగారే 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి యైరి. గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షమున ఉద్యమింపగా, నిషేధమును గూర్చిన వివాదముననే 1954 నవంబరులో ఆ ప్రభుత్వము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది.