యేల్ వారి వంశము - మన మాధవాయిపాలెము

మన తెలుగువారిలో ఒకరి ఇంటిపేరు అడుగుట యనగా చాలవరకు వారి పూర్వుల ఊరు అడుగుటయే. పెద్దలు విడిచివచ్చిన గ్రామము కొన్ని తరములకు కన్నులకు దూరమైనను, దాని పేరు ఇంటిపేరై మనుమల వెంట నడచుచుండును. ఈ ఆచారము మనకే చెల్లినదని తలంపరాదు. బ్రిటను దీవిలోని వేల్సు దేశమున 'యాల్' అను కొండసీమ కలదు. ఆ సీమ పేరే ఒక కుటుంబమునకు ఇంటిపేరై, ఇంగ్లీషువారి నాలుకపై 'యేల్' అయినది. ఈ కుటుంబము వారు అమెరికా వలసరాజ్యముల తొలినాళ్లలో అచ్చటికి తరలిరి. వారిలో ఒకడు మదరాసు కోటకు గవర్నరై, మన గోదావరి తీరపు వర్తకమునకును అధికారి యయ్యెను. కావున వారి వంశకథలో మన సీమకును కొంత పాలు కలదు.

థామస్ యేల్ అనునతడు 1619లో మరణించెను. చెస్టరు బిషప్పగు జార్జి లాయిడ్ కుమార్తె ఆన్ ఇతని భార్య. ఆమె పిమ్మట థియోఫిలస్ ఈటన్ అను వర్తకుని వివాహమాడెను. 1637లో ఈ దంపతులు తమ మతాచారములకు అనువైన తావును వెదకుచు సముద్రము దాటి బోస్టను చేరిరి. ఆన్ తొలి భర్త బిడ్డలును ఆ వలసలో నుండిరి. మరుసటి యేట క్విన్నిపియాక్ అను ఆదివాసుల భూమిలో న్యూహేవెన్ వలస వెలసినది. దానికి ఈటన్ మొదటి గవర్నరై, 1658లో మరణించు వరకు ఆ పదవిలో నుండెను. మతస్వేచ్ఛను గోరి వెళ్లిన ఆ సంఘమే, పసిబిడ్డలకు బాప్తిస్మ మిచ్చుట తగదనిన ఆన్‌ను, గవర్నరు భార్య యని యైనను చూడక వెలివేసినది.

ఆన్ కుమారులలో థామస్ అమెరికాలోనే స్థిరపడెను. మన వీధి తలుపులకు బిగించుకొను యేల్ తాళమును కనిపెట్టిన లైనస్ యేల్ (1821-1868) ఈ కుటుంబమువాడే. మరియొక కుమారుడు డేవిడ్ బోస్టనులో కాపురముండెను. అచ్చట 1649 ఏప్రిలు 5వ తేదీన అతనికి ఎలిహూ జన్మించెను. శిశువునకు మూడేండ్లయినను నిండీనిండక మునుపే ఆ కుటుంబము ఇంగ్లండునకు మరలిపోయినది. ఎలిహూ మరల అమెరికా గడ్డపై కాలు మోపలేదు.

1672లో ఎలిహూ యేల్ ఈస్టిండియా కంపెనీ కొలువులో చిన్న గుమాస్తాగా మదరాసు చేరెను. 1680 నవంబరు 4న, అప్పటికి వారము క్రిందటనే ప్రతిష్ఠింపబడిన సెయింటు మేరీ దేవళమున, కేథరిన్ హిన్మర్స్ అను వితంతువును పెండ్లాడెను. ఆ దేవళపు వివాహపట్టీలో ఇదియే మొదటి నమోదు. 1687లో గవర్నరు పదవి నందెను. అదే యేట గోలకొండ ఔరంగజేబు వశమై, తెలుగు తీరమంతయు మొగలుల యేలుబడిలోనికి పోయినది. మరుసటి యేట యేల్ యొక్క నాలుగేండ్ల కుమారుడు డేవిడ్ మరణించెను. ఆ బాలుని సమాధి నేటికిని మదరాసు హైకోర్టు ఆవరణ ప్రాంతమున నిలిచియున్నది. కంపెనీ కొలువులో నుండి సొంత వ్యాపారము పెంచుకొనెనను ఆరోపణలతో యేల్ 1692లో పదవి గోల్పోయెను. అతని స్థానమున వచ్చిన నెతానియల్ హిగ్గిన్సన్‌యు అమెరికా వలసలోనే పుట్టినవాడు, హార్వర్డులో చదివినవాడు. మదరాసు నగరమునకు మొదటి మేయరు నతడే.

ఇక మన సీమకు వత్తము. నరసాపురమునకును సఖినేటిపల్లికిని నడుమ వసిష్ఠ గోదావరిని దాటువారికి మాధవాయిపాలెపు రేవు సుపరిచితమే. 17వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇచ్చట ఇంగ్లీషువారి కొఠీ యొకటి యుండెను. అది మదరాసు కోటకు లోబడినది. ఆ కోటకు పెద్దగా నుండిన స్ట్రెయిన్‌షాం మాస్టరు 1679లో ఈ కొఠీని తనిఖీ చేసి, తన దినచర్యలో దానిని గూర్చి వ్రాసియుంచెను. నరసాపురపు వడ్రంగులు కట్టిన ఓడలను గూర్చి థామస్ బౌరీ అను నావికుడు ఆ దినములలోనే వర్ణించెను. డచ్చివారు పాలకొల్లునను ద్రాక్షారామమునను తమ కొఠీలు నిలిపిరి. ఇందరు ఇచ్చటికి వచ్చుటకు హేతువు మన నేత. వర్తకులు సాలెవారికి ముందుగా బయానా ఇచ్చుటయు, వారు మచ్చు ప్రకారము నేసిన గుడ్డను పొడవు, వెడల్పు, సన్నము చూచి గైకొనుటయు, చాకళ్లచే చలువచేయించి మూటలు గట్టించుటయు - ఇదియే ఆ వ్యాపారపు తీరు. ఇచ్చటి మెత్తని నూలుగుడ్డకు ఊరి పేరే 'మడపొలం' అను పేరై నిలిచినది. ఫ్రెంచి, ఇటాలియను, పోర్చుగీసు భాషలలోనికి సయితము ఆ మాట వ్యాపించినది. తుదకు ఇంగ్లండు మరలపై నేసిన గుడ్డకును అదే పేరు వచ్చెను.

ఆనాటి మదరాసు వ్యాపారము గుడ్డలతోను వజ్రములతోను ఆగలేదు. దిక్కులేని జనులను బానిసలుగా ఓడల కెక్కించుటయు నందులో నొక భాగము. యేల్ కూర్చుండిన కౌన్సిలు వారి పట్టీలే దీనికి సాక్ష్యము. ఇట్టి వ్యాపారపు నగరమున కూడబెట్టిన అపార ధనముతో అతడు 1699లో ఈ దేశము విడిచెను.

1718లో కనెక్టికట్ లోని ఒక చిన్న విద్యాలయమునకు సాయము చేయుమని అమెరికా పెద్దలు లేఖలు వ్రాయగా, యేల్ తొమ్మిది మూటల సరుకును, 417 గ్రంథములను, జార్జి రాజు చిత్రపటమును పంపెను. ఆ మూటలలో మస్లినులు, కాలికోలతో పాటు ఐరోపా గుడ్డలును గలవు. వాటిని అమ్మగా 562 పౌనులు లభించెను. విద్యాలయము అతని పేరు దాల్చినది. అదియే నేటి యేల్ విశ్వవిద్యాలయము. 1721లో అతడు లండనున మరణింపగా వేల్సులోని రెక్సాము దేవళపు ఆవరణలో సమాధి చేసిరి. అతనికి కుమార్తెలు మువ్వురు మిగిలిరి గాని, పేరు నిలుపు కొడుకు లేకపోయెను. అయినను పేరు నిలిచినది. ఆ విశ్వవిద్యాలయము వారే బానిసత్వముతో తమకు గల పూర్వసంబంధమునకు 2024లో బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనిరి.

ఇన్ని సంగతులు మనకెట్లు తెలిసినవి? పెండ్లిపట్టీ, సమాధిఫలకము, ఓడచీటీ, కౌన్సిలు దస్తరము - ఈ నాలుగిటి బలముచే వేల్సు కొండనుండి బోస్టనుకు, బోస్టనునుండి మదరాసుకు, మరల వేల్సునకు ఒక వంశపు అడుగుజాడ చెదరక కనిపించుచున్నది. కాని ఆ వంశమునకు సిరిని సమకూర్చిన వర్తకమున చెమట యోడ్చిన మాధవాయిపాలెపు సాలెవారి అడుగుజాడ ఏది? కంపెనీ దస్తరములలో గుడ్డ పొడవు కలదు, వెల కలదు. నేసినవాని తండ్రి పేరు లేదు. ఓడలకెక్కిన బానిసలకు ఆ గుడ్డ పాటి లెక్కయైనను దక్కలేదు.

చరిత్రలో పేరు మిగులుట గొప్పతనమునకు కొలత కాదు. కాగితము ఎవరి చేతిలో నుండెనో దానికి కొలత. మన చేతిలో నున్న కాగితములు స్వల్పమే: కల్నల్ మెకంజీ సేకరింపించిన గ్రామ కైఫీయతులు, దేవాలయ శాసనములు, పాత దస్తావేజులు. వీనికి తోడు మన ఇంటిపేర్లు, మగ్గపు గుంట దగ్గర పెద్దలు చెప్పుకొను తాతల కథలు గలవు. తెలిసినవారు జీవించియుండగనే వీనిని వ్రాసికొనవలెను. ఏ ఊరినుండి వచ్చితిమి, ఏ కరవున కదలితిమి, ఏ పని చేసి బ్రతికితిమి అను మూడు ప్రశ్నలకు బదులు వ్రాసి సంవత్సరము వేసియుంచిన ఒక్క కాగితము, రేపటి చరిత్రకారునకు శాసనమంతటి యాధారము కాగలదు.