ఒక్క దీపం చాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన నాకు ముందుగా గుర్తొచ్చింది ఉద్యోగం కాదు, కాలనీ నాటకాలకు వేసిన లైట్లు.

ఒకప్పుడు రంగస్థలం మీద దీపం నటుడి ముఖం కనబడటానికే. 1885లో సురభివారు నాటకాలు మొదలుపెట్టే నాటికి మన పల్లెల్లో కరెంటే లేదు. నూనె దీపాల తర్వాత పెట్రోమాక్సులు వచ్చాయి. కరెంటు వచ్చి, వెలుగును పెంచి తగ్గించే వీలు కలిగాక, పాత్ర మనసును కూడా దీపంతో చెప్పవచ్చునని తెలిసింది. పైనుంచి వెలుగు పడితే కళ్లు గుంటల్లోకి పోయి మనిషి దిగులుగా కనిపిస్తాడు. కిందినుంచి పడితే అదే ముఖం భయపెడుతుంది.

మన దేశంలో ఈ విద్యకు పేరు తెచ్చినవారు తపస్ సేన్ (1924-2006). 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ 'అంగార్' నాటకం వేశారు. బొగ్గుగనిలో చిక్కుకున్న కార్మికులను నీరు ముంచేస్తుంది. వేదికపై నీటి చుక్క లేదు. అలలుగా పైకెక్కినదంతా తపస్ సేన్ వేసిన వెలుగే!

ఆ సంగతి విన్న మేము 1976లో బాయి ప్రమాదం మీద ఒక నాటిక తలపెట్టాం. కిరసనాయిలు డబ్బాలు కోసి ఫోకస్ లైట్లు చేశాను. మట్టికుండలో ఉప్పునీళ్లు పోసి, రెండు రేకులు దించితే అదే డిమ్మరు. రేకు పైకి లాగేకొద్దీ వెలుగు తగ్గేది. ప్రాణాలతో చెలగాటమే, కానీ అప్పటికి అదే మా సాధనం. నీలం జిలెటిన్ కాగితాలతో నీటి అలలు కూడా సిద్ధం చేసుకున్నాను.

రిహార్సల్ నాడు క్లబ్బు ఊడ్చే అవ్వ చీపురు పట్టుకుని నిలబడి చూసింది. ఆమె భర్త బాయిలోనే పోయాడు.

"నీళ్లెందుకు బిడ్డా? ఆ చీకట్ల ఒక్కడే ఎట్లున్నడో, నాకు గదే యాదికొస్తది" అంది.

ఆ రాత్రే అలలన్నీ తీసేశాను. ప్రదర్శనలో చివరి కార్మికుడి తలపై ఒక్క దీపమే ఉంచి, రేకును నెమ్మదిగా పైకి లాగాను. ముఖం పోయింది, చేతులు పోయాయి. చీకటైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జనం వెళ్లాక అవ్వ నా దగ్గరికి వచ్చింది. "ఆ దీపం ఇంకొంచెం సేపు ఉంచకపోయినవ్ బిడ్డా" అంది.

ఇప్పుడు కంప్యూటర్ బోర్డు మీద వేలు పెడితే వంద దీపాలు మాట వింటున్నాయి. మన పిల్లల్లో ఎవరైనా ఆ బోర్డు ముందు కూర్చుంటే, మీట నొక్కే ముందు పాత్ర మనసులో ఏముందో ఒక్కసారి ఆలోచించమని నా మనవి.