శరీరవిద్య: చెవి, కన్ను, చేయి

డోర్నకల్లు నుండి భద్రాచలం రోడ్డుకు పోవు రైలుమార్గములో కారేపల్లి కలదు. ఇటు ఖమ్మము మెట్టపొలములు, అటు భద్రాచలపు అడవులు. తెలుగుతోపాటు లంబాడీ, కోయ మాటలును వినిపించు సీమ అది. ఇట్టి ఊరిలో ఇంటిపట్టున ఉండియే మానవ శరీర నిర్మాణమును, శరీర ధర్మములను ఇంటర్నెట్టు ద్వారా అభ్యసించుటకు నేడు వీలు కలిగినది. గుండె కవాటములు తెరచుకొనుట, మూసికొనుట సెల్‌ఫోను తెరమీద కదలుచు కనిపించును. ఇది విద్యాచరిత్రలో స్వల్పవిషయము కాదు. అయినను శరీరవిద్య తక్కిన విద్యల వంటిది కాదు. దానిని చెవితో ఎంతవరకు నేర్వవచ్చును? కంటితో ఎంతవరకు? చేతితోనే నేర్వవలసినది ఎంత? ఈ ప్రశ్న చాల పాతది. దాని చరిత్రను కొంత స్మరించినచో నేటి సౌకర్యము యొక్క విలువయు, దాని హద్దును మనకు తెలియగలవు.

మన ప్రాచీనులలో సుశ్రుతుని సంప్రదాయము దీనికి సూటియైన సమాధానము చెప్పినది. శాస్త్రమును చదువవలెను, శరీరమును కంటితో చూడవలెను. రెండును కలిసిననే జ్ఞానము పూర్ణమగును. చూచు విధానమును కూడ సుశ్రుతసంహిత వివరించినది. మృతదేహమును గడ్డితో చుట్టి, బోనులో ఉంచి, పారు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట కుంచెతో పొర వెంట పొర మెల్లగా రుద్ది పరిశీలింపవలెనట. ఆ గ్రంథము 300 ఎముకలను లెక్కించినది. నేటి లెక్క ప్రకారము ఎదిగిన మనుష్యునిలో ఉన్నవి 206. దంతములను, మృదులాస్థులను కూడ ఎముకలతో చేర్చి లెక్కించుట ఈ భేదమునకు ఒక ముఖ్యకారణము. కాలక్రమమున శవపరిశీలన అరుదై, చదువు మాత్రము నిలిచినది. చేయి వెనుకకు పోయి, చెవి ముందునకు వచ్చినది.

ఐరోపాలోను ఇట్లే జరిగినది. ఆచార్యుడు ఉన్నతపీఠముపై కూర్చుండి గాలెను గ్రంథమును చదువుచుండగా, క్రింద మరియొకడు దేహమును కోయుచుండెడివాడు. గాలెను పరీక్షించినవి ఎక్కువగా జంతుదేహములు. కనుక మానవుని క్రిందిదవడ రెండెముకలని ఆయన వ్రాయగా, శతాబ్దముల పర్యంతము విద్యార్థులు అట్లే వల్లించిరి. వెసేలియసు పీఠము దిగివచ్చి స్వయముగా కత్తిపట్టి, అది ఒకే ఎముక అని చూపినాడు. ఆయన మహాగ్రంథము 1543లో అచ్చయినది. విన్నదానిని చేయి సరిదిద్దిన ఘట్టమది. మన దేశములో 1836లో కలకత్తా వైద్యకళాశాలయందు పండిత మధుసూదనగుప్తుడు శవచ్ఛేదము చేసి, ఆధునిక శరీరవిద్యకు దారి తెరచినాడు. ఆయన సంస్కృతమున ఆయుర్వేదము చదివినవాడగుట గమనింపదగినది.

తెలుగువారికి ఈ విద్య రెండు దూరములను దాటి రావలసివచ్చినది. ఒకటి భాష, రెండవది బాట. 1846లో హైదరాబాదున స్థాపితమైన వైద్యపాఠశాలలో బోధన ఉర్దూలో సాగెడిది. ఆ శతాబ్ది ముగియకమునుపే దాని స్థానమును ఇంగ్లీషు ఆక్రమించినది. పల్లెలో తెలుగు తప్ప వేరెరుగని బాలునికి రెండును పరాయివే. ఇక బాట సంగతి: విశాఖపట్టణములో వైద్యకళాశాల 1923లో, వరంగల్లులో 1959లో వెలసినవి. కారేపల్లికి సమీపముననున్న కొత్తగూడెములో 2022లోను, ఖమ్మములో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి.

ఆ దూరములను దాటినవారిలో భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్మరణీయులు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అక్కడి ఆయుర్వేదకళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, 1922లో అమెరికా చేరినారు. హార్వర్డులో ఫిస్కెతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని కండరములలో గుర్తించినారు. కండరము కదలుటకు శక్తి ఎక్కడిదని చెప్పు పాఠమునకు ఇవి పునాదిరాళ్ళు. నేడు ఆ పాఠమును తెరమీద వినువారు దాని వెనుక ఒక తెలుగువాని చేతిపని కలదని ఎరుగుట మంచిది.

విద్యయే విద్యార్థి ఇంటికి పోవలెనను సంకల్పము ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున బలపడినది. 1969లో స్థాపితమైన బ్రిటనులోని సార్వత్రిక విశ్వవిద్యాలయము విజ్ఞానశాస్త్ర విద్యార్థుల ఇండ్లకు చిన్న సూక్ష్మదర్శినులను సైతము పంపినది. చెవికిని కంటికిని పాఠము పంపిన చాలదని, చేతికి కూడ పని కల్పింపవలెనని వారు గ్రహించిరి. మన దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసి, 1991 నుండి డాక్టర్ అంబేద్కరు పేరున వ్యవహరింపబడుచున్నది. దాని పాఠములను ఆకాశవాణి ప్రసారము చేసినది. 2017లో కేంద్రప్రభుత్వము ‘స్వయం’ అను ఇంటర్నెట్టు విద్యావేదికను ప్రారంభించినది.

ఈ పద్ధతికి కఠినపరీక్ష 2020లో వచ్చినది. కరోనా వ్యాధి వలన కళాశాలలు మూతపడగా, వైద్యవిద్యార్థులు శవచ్ఛేదశాలకు పోజాలక తెరమీదనే పాఠములు వినిరి. చదువు ఆగలేదు, కాని చేయి ఖాళీగా ఉండిపోయినది. నరమునకును రక్తనాళమునకును గల తేడాను బొమ్మలో రంగు చెప్పును. దేహములో రంగులుండవు, వ్రేలికొనయే చెప్పవలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము అదే సంవత్సరము వెలువరించిన నిబంధనలు వైద్యము, దంతవైద్యము, నర్సింగు, ఫార్మసీ పట్టములను దూరవిద్యగా గాని, ఇంటర్నెట్టు ద్వారా గాని ఇచ్చుటను నిషేధించినవి. కొందరికి ఇది అడ్డంకిగా తోచవచ్చును. సుశ్రుతుడును వెసేలియసును చెప్పినదానికి ఇది చట్టరూపమని మా అభిప్రాయము.

అట్లని ఇంటివద్ద విను పాఠము వ్యర్థమనరాదు. వైద్యుడు కాదలచనివారికిని శరీరజ్ఞానము అక్కరకు వచ్చును. దగ్గుతో ఆయాసపడు బిడ్డకు నిమిషమునకు ఎన్ని శ్వాసలో లెక్కపెట్టుట తల్లియైనను నేర్వగల పని. రెండు నెలలు నిండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నిండి అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించినచో అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చును. జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. అడవి అంచున, రాత్రివేళ, ఆసుపత్రి దూరమైనచోట ఈ లెక్క ఒక ప్రాణము విలువ చేయును. పాఠము వినువారు చేతికి కూడ పని చెప్పుకొనవచ్చును. మణికట్టున నాడి పట్టి, కూర్చున్నప్పటి లెక్కను, మెట్లెక్కిన తరువాతి లెక్కను పోల్చి చూడవచ్చును. మాంసపు దుకాణమున మేకగుండె తెచ్చి విప్పిచూచినచో, మనిషిగుండెకు వలెనే నాలుగు గదులు, వాటి నడుమ కవాటములు కనబడును. అరగంట వినిన పాఠము అప్పుడు అయిదు నిమిషములలో స్థిరపడును.

ఇక మిగిలినది భాష. ఇంటర్నెట్టు బాటను తగ్గించినది గాని భాషాదూరమును తనంత తాను తగ్గింపజాలదు. కొత్తగూడెపు కళాశాలలోని ఆచార్యులును, కారేపల్లి ప్రాంతపు ఆశా కార్యకర్తలును కలిసి, పాఠమును తెలుగులో, వీలైన చోట లంబాడీలో, కోయలో చెప్పగలిగిననాడు ఆ దూరమును తరుగును. తెర పాఠమును ఊరికి తెచ్చినది. దానిని ఊరివారి మాటలో చెప్పి, చేతిలో పెట్టి చూపుట మనుష్యులు చేయవలసిన పని.