అప్పుడు వ్యూస్ లేవు, అయినా 354 మంది కవులు!

ఇవాళ ఎపిసోడ్ చింతమడక నుంచి. సిద్దిపేట దగ్గరి ఊరు. పేరు వినగానే మీకు కేసీఆర్ గుర్తొస్తారు, ఆయన పుట్టింది ఇక్కడే. కానీ ఇవాళ్టి టాపిక్ రాజకీయం కాదు, రాయడం.

ముందు నా సంగతి చెప్తా. బీటెక్‌లో ల్యాబ్ రికార్డు వెనక పేజీల్లో కథలు రాసుకునేవాణ్ణి. ఎవరికీ చూపించలేదు. కానీ రాస్తుంటే టైమే తెలిసేది కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ ఛానెల్ పెట్టాక రోజూ రాస్తున్నా, కానీ ప్రతి లైన్‌కీ "ఇక్కడ జనం స్కిప్ చేస్తారేమో" అని భయం. ఆరు నెలల్లో ఒక్క కథ కూడా రాయలేదు.

అందుకే ఒకసారి 1934కి వెళ్దాం. అప్పుడిది నిజాం రాజ్యం. ఆఫీసుల్లో ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువు కూడా ఉర్దూలోనే. తెలుగులో పద్యం రాస్తే ఉద్యోగం రాదు. అలాంటి టైంలో, తెలంగాణలో తెలుగు కవులే లేరన్నట్టు ఒకాయన రాశారు. గోలకొండ పత్రిక నడిపే సురవరం ప్రతాపరెడ్డి గారికి రోషమొచ్చింది. మాటకు మాట అని ఊరుకోలేదు. కవుల వివరాలు, పద్యాలు సేకరించి ఏకంగా 'గోలకొండ కవుల సంచిక' వేశారు. అందులో ఎంతమంది కవులో తెలుసా? 354 మంది!

పాతకాలం వాళ్లూ ఉన్నారు, అప్పటికి బతికున్నవాళ్లూ ఉన్నారు. వీళ్లంతా సంచిక వస్తుందని రాత్రికి రాత్రి కవులైపోలేదు కదా. గుర్తింపు అక్కర్లేదని నేను అనను. సంచిక రాకపోతే ఇంతమంది పేర్లు మనదాకా వచ్చేవా? కానీ వరస చూడండి. ముందు రాత, తర్వాతే సంచిక. నేను దాన్ని తిరగేశా. ముందు వ్యూస్ లెక్కేసి, తర్వాత పెన్ను పట్టుకున్నా.

ఇక్కడ భజన పాటలు కట్టే ఒక తాత కలిశాడు. "తాతా, నీ పాటలు యూట్యూబ్‌ల పెడదామా?" అని అడిగా. "పెడితే పెట్టు బిడ్డా. గని నాకిప్పుడు తీరిక లేదు, శనివారం భజనకు కొత్త పాట గావాలె" అన్నాడు. అని మళ్లీ రాసుకోవడంలో పడిపోయాడు!

నేనూ ఒక నోట్‌బుక్ కొన్నా. రోజుకో పేజీ. అది కెమెరాకి చూపించను. నిన్న రాసిన కథ పెద్దగా బాలేదు. కానీ రాస్తూ రాస్తూ చూసుకుంటే, పక్కనున్న చాయ్ చల్లారిపోయింది.

మీరూ ఇవాళ ఒక పేజీ రాయండి. ఎవరికీ పంపకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా!