గెంతే చీమ: హార్పెగ్నాథస్ సాల్టేటర్

హార్పెగ్నాథస్ సాల్టేటర్ పోనెరినే ఉపకుటుంబానికి చెందిన అడవి చీమ. ముఖ్యంగా పడమటి కనుమల్లోనూ, శ్రీలంకలోనూ కనిపిస్తుంది. కాళ్ల బలంతో ఎగిరి దూకగల అతికొద్ది చీమల్లో ఇదొకటి.

తొలి వర్ణన

ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఈస్టిండియా కంపెనీ వైద్యుడు థామస్ కావెర్‌హిల్ జెర్డన్ (1811–1872). కడప అడవుల కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉండగా స్థానిక యానాదుల నుంచి జంతువుల విశేషాలు సేకరించాడు. ఆ తరువాత మలబారు తీరంలోని తలస్సేరిలో పనిచేశాడు. 1851లో ‘మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్’లో దక్షిణ భారత చీమల పట్టిక ప్రచురిస్తూ, ఈ చీమ కోసం హార్పెగ్నాథస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచాడు. రూపంతో ఆగక, పుట్టలో చీమలు కొద్దిగానే ఉంటాయనీ, బెదిరితే దూకుతాయనీ, గట్టిగా కుడతాయనీ నమోదు చేశాడు.

1858లో బ్రిటిష్ మ్యూజియంకు చెందిన ఫ్రెడరిక్ స్మిత్ ఈ రకం చీమలకు డ్రెపానోగ్నాథస్ అనే ప్రజాతి పేరు పెట్టాడు. ముందు వచ్చిన పేరుకే చెల్లుబాటు గనుక అది పర్యాయనామంగా మిగిలింది. 1903లో కీటక శాస్త్రజ్ఞుడు బింగ్‌హామ్ బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలోని చీమల సంపుటంలో ఈ జాతిని మళ్లీ వర్ణించాడు.

గుర్తింపు లక్షణాలు

పొడవు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. దవడలు పొడవుగా, కొడవళ్లలా పైకి వంగి ఉంటాయి. పెద్ద కళ్లు తల ముందుభాగాన ఉంటాయి. పగటిపూట ఒంటరిగా తిరుగుతూ, చూపుతోనే ఎరను పసిగట్టి పట్టుకుంటుంది. కొండితో కుట్టి దాన్ని కదలకుండా చేసి పుట్టకు చేరుస్తుంది. దూకేటప్పుడు మధ్య కాళ్లు, వెనక కాళ్లు ఒకేసారి నేలను తన్నుతాయని 1994లో వెలువడిన పరిశోధన తెలిపింది.

పుట్ట నిర్మాణం

పుట్ట నేలలో ఉంటుంది. పై గది గోడలకు లోపలివైపు మొక్కల నారలు, ఖాళీ పట్టుగూళ్ల ముక్కలు అంటించి ఉంటాయి. చెత్త వేయడానికి అడుగున వేరే గది ఉంటుంది. వానాకాలపు నీటి నుంచి పుట్టను కాపాడేందుకు ఈ అమరిక ఉపకరిస్తుందని 1994లో క్రిస్టియన్ పీటర్స్, బెర్ట్ హోల్‌డోబ్లర్, ముస్తాక్ అలీ తదితరులు వివరించారు.

సంఘ జీవితం

బయటి పోలికల్లో రాణికీ శ్రామికకూ తేడా స్వల్పం. పుట్టను స్థాపించిన రాణి చనిపోతే శ్రామికలు స్పర్శశృంగాలతో ఒకదాన్నొకటి కొట్టుకుంటూ రోజుల తరబడి పోటీపడతాయి. గెలిచినవి మగచీమలతో జతకట్టి గుడ్లు పెడతాయి. ఇలాంటి శ్రామికలను గేమర్‌గేట్‌లంటారు. సాధారణ శ్రామిక ఆయువు కొన్ని నెలలే. గేమర్‌గేట్ అయితే కొన్నేళ్లు బతుకుతుంది. రూపవర్ణన ఒక్కటే చూస్తే ఈ రెంటినీ వేరుచేయలేం; ప్రవర్తననూ అండాశయాలనూ పరిశీలించాకే తేడా బయటపడింది.

ఇటీవలి పరిశోధన

ఒకే రకం శరీరం నుంచి రెండు జీవితాలు ఎలా వస్తాయన్న ప్రశ్నే ఈ జాతిని ప్రయోగశాలలకు తెచ్చింది. 2010లో దీని జన్యుక్రమం ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. దీనితోపాటు కాంపొనోటస్ ఫ్లోరిడానస్ అనే మరో చీమ జన్యుక్రమమూ వెలువడింది; జన్యుక్రమం వెలువడిన తొలి చీమలు ఈ రెండే. గేమర్‌గేట్‌గా మారిన శ్రామిక మెదడు దాదాపు ఐదో వంతు కుంచించుకుపోతుందనీ, ఆ హోదా పోతే తిరిగి పెరుగుతుందనీ 2021లో మరో అధ్యయనం చూపింది.