కౌంటీ మరణ రికార్డులు (అమెరికా సంయుక్త రాష్ట్రాలు)

కౌంటీ మరణ రికార్డు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక వ్యక్తి మరణించినప్పుడు ఆ వివరాలను స్థానిక ప్రభుత్వ కార్యాలయం నమోదు చేసి భద్రపరచే అధికారిక పత్రం. దీని ఆధారంగా జారీ చేసే ప్రతిని మరణ ధ్రువీకరణ పత్రం లేదా డెత్ సర్టిఫికెట్ అంటారు. బీమా సొమ్ము పొందడానికి, బ్యాంకు ఖాతాను వారసులకు మార్చడానికి, పింఛను వ్యవహారాలను ముగించడానికి, ఇల్లు, భూమి వంటి ఆస్తులను బదిలీ చేయడానికి, జీవిత భాగస్వామి పునర్వివాహం చేసుకోవడానికి ఈ పత్రం అవసరమవుతుంది. వంశచరిత్ర పరిశోధకులకు కూడా ఇది ముఖ్యమైన ఆధారం.

అమెరికాలో దేశమంతటికీ కలిపి ధ్రువపత్రాలు జారీ చేసే కేంద్ర కార్యాలయం లేదు. ఫెడరల్ ప్రభుత్వం గణాంకాలను మాత్రమే సేకరిస్తుంది. కనుక పత్రం కావలసినవారు ముందుగా మూడు విషయాలు తేల్చుకోవాలి: మరణం ఏ ప్రదేశంలో సంభవించింది, ఏ సంవత్సరంలో సంభవించింది, పత్రం ఏ అవసరానికి కావాలి. మొదటి రెండింటిని బట్టి ఏ కార్యాలయానికి వెళ్ళాలో, మూడవదానిని బట్టి ఏ రకం ప్రతి కోరాలో నిర్ణయమవుతుంది.

కౌంటీ అంటే ఏమిటి

అమెరికాలో రాష్ట్రానికి దిగువన ఉండే పరిపాలన విభాగాన్ని కౌంటీ అంటారు. స్థూలంగా దీనిని మన జిల్లాతో పోల్చవచ్చు. దేశంలో మూడు వేలకు పైగా కౌంటీలు, వాటితో సమానమైన విభాగాలు ఉన్నాయి. ఒక్క టెక్సస్ రాష్ట్రంలోనే 254 కౌంటీలు ఉన్నాయి. ఇదే విభాగాన్ని లూసియానాలో పారిష్ అని, అలాస్కాలో బరో అని పిలుస్తారు. కనెక్టికట్ రాష్ట్రంలో కౌంటీ ప్రభుత్వాలు 1960లోనే రద్దయ్యాయి. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో జనన మరణాల నమోదు సాధారణంగా టౌన్ క్లర్కు చేతిలో ఉంటుంది.

చరిత్ర

వలస పాలన కాలంలో వర్జీనియాలో 1632లో చేసిన చట్టం ప్రకారం ప్రతి పారిష్ నుండి మతాధికారి లేదా వార్డెన్ నామకరణాలు, వివాహాలు, ఖననాల జాబితాను ఏటా కోర్టుకు సమర్పించవలసి ఉండేది. 1639లో మసాచుసెట్స్ బే కాలనీ ఈ బాధ్యతను చర్చి నుండి పౌర అధికారులకు మార్చింది. 1842లో రాష్ట్రవ్యాప్త నమోదును ప్రారంభించి మసాచుసెట్స్ ఇతర రాష్ట్రాలకు మార్గదర్శకమయింది.

1880లో కొన్ని రాష్ట్రాలు, నగరాలతో మరణ నమోదు ప్రాంతం అనే వ్యవస్థ ఏర్పడింది. 1900లో దేశమంతటికీ నమూనాగా ఒక ప్రామాణిక మరణ పత్రాన్ని రూపొందించారు. 1933లో టెక్సస్ చేరడంతో అన్ని రాష్ట్రాలూ ఈ వ్యవస్థలోకి వచ్చాయి. ప్రామాణిక పత్రాన్ని పలుమార్లు సవరించారు. వాటిలో 2003 నాటి సవరణ ముఖ్యమైనది.

రాష్ట్రవ్యాప్త నమోదు అన్నిచోట్లా ఒకే సంవత్సరంలో మొదలు కాలేదు. టెక్సస్‌లో 1903లో, కాలిఫోర్నియాలో 1905 జూలై 1న, పెన్సిల్వేనియాలో 1906లో, ఒహాయోలో 1908 డిసెంబరు 20న, నార్త్ కరోలినాలో 1913లో ఇది ఆరంభమయింది. అంతకు ముందు జరిగిన మరణాల వివరాలు రాష్ట్ర కార్యాలయంలో ఉండవు. నమోదై ఉంటే కౌంటీ లేదా నగర రికార్డులలోనే లభిస్తాయి.

నమోదు జరిగే విధానం

మరణం సంభవించిన తరువాత నమోదు పత్రాన్ని సాధారణంగా అంత్యక్రియల సంస్థ, అనగా ఫ్యూనరల్ హోమ్, సిద్ధం చేస్తుంది. ఇందులో రెండు భాగాలు ఉంటాయి. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, వృత్తి, చదువు వంటి వ్యక్తిగత వివరాలను కుటుంబ సభ్యులలో ఒకరు చెబుతారు. ఇలా వివరాలు చెప్పిన వ్యక్తి పేరు కూడా పత్రంలో ఉంటుంది. మరణ కారణాన్ని చికిత్స చేసిన వైద్యుడు ధ్రువీకరిస్తాడు.

మరణం ప్రమాదం, ఆత్మహత్య, హత్య వలన గాని, అనుమానాస్పద పరిస్థితులలో గాని సంభవిస్తే మెడికల్ ఎగ్జామినర్ లేదా కరోనర్ అనే అధికారి విచారించి కారణాన్ని నమోదు చేస్తాడు. విచారణ ముగియకపోతే కారణం పెండింగులో ఉన్నట్లు వ్రాసి పత్రం ఇచ్చి, తరువాత సవరిస్తారు. ఇటువంటి తాత్కాలిక పత్రంతో బీమా సంస్థలు సొమ్ము చెల్లించకుండా వేచి ఉండే అవకాశం ఉంది. అందువలన తుది పత్రం వచ్చాక మళ్ళీ ప్రతులు తీసుకోవలసి రావచ్చు.

పత్రాన్ని దాఖలు చేయడానికి గడువును రాష్ట్ర చట్టాలు నిర్ణయిస్తాయి. కాలిఫోర్నియాలో ఇది 8 రోజులు, టెక్సస్‌లో 10 రోజులు. ఆధునిక కాలంలో అనేక రాష్ట్రాలు నమోదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేస్తున్నాయి.

ఏ కార్యాలయంలో అడగాలి

మరణించిన వ్యక్తి నివసించిన ఊరు ఏదైనా, మరణం సంభవించిన చోటనే నమోదు జరుగుతుంది. ఉదాహరణకు టెక్సస్‌లోని డాలస్‌లో నివసించే ఒక వ్యక్తి కుమారుని చూడడానికి కాలిఫోర్నియాలోని శాన్ హోసేకు వెళ్ళి అక్కడ మరణిస్తే, రికార్డు శాన్ హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీలో ఉంటుంది. ఇంటివద్ద జబ్బుపడిన వ్యక్తిని పక్క కౌంటీలోని ఆసుపత్రికి తరలించాక మరణించినా ఇదే నియమం వర్తిస్తుంది. దరఖాస్తుదారులకు రికార్డు లేదన్న జవాబు రావడానికి తరచు కారణం నివాస స్థలాన్ని మరణ స్థలంగా భావించడమే.

కార్యాలయం పేరు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్ని ఉదాహరణలు:

* కాలిఫోర్నియా: ఇటీవలి మరణాలకు కౌంటీ ఆరోగ్య శాఖ, పాతవాటికి కౌంటీ రికార్డరు.
* టెక్సస్: కౌంటీ క్లర్కు లేదా స్థానిక రిజిస్ట్రారు.
* నార్త్ కరోలినా: కౌంటీలోని రిజిస్టర్ ఆఫ్ డీడ్స్. ఆస్తి దస్తావేజులను నమోదు చేసేది కూడా ఈ కార్యాలయమే.
* అలబామా: రాష్ట్రంలో ఎక్కడ మరణించినా, ఏ కౌంటీ ఆరోగ్య శాఖలోనైనా పత్రం పొందవచ్చు.
* ఒహాయో: 1867 నుండి 1908 డిసెంబరు వరకు జరిగిన మరణాలకు కౌంటీ ప్రొబేట్ కోర్టు.
* న్యూయార్క్ నగరం: రాష్ట్రంతో సంబంధం లేకుండా నగర ఆరోగ్య శాఖ. 1949కి ముందు రికార్డులు నగర పురాతన పత్రాల భాండాగారంలో ఉన్నాయి.

కౌంటీలో దొరకనప్పుడు రాష్ట్ర కార్యాలయానికి దరఖాస్తు చేయవచ్చు. రాష్ట్ర స్థాయిలో కాలయాపన ఎక్కువగా ఉండవచ్చు కనుక అవకాశం ఉన్నచోట కౌంటీని ఆశ్రయించడం మేలు.

ప్రతుల రకాలు, అర్హత

సర్టిఫైడ్ ప్రతిని ప్రత్యేక కాగితంపై ముద్రించి, అధికారి సంతకం, ముద్రతో ఇస్తారు. చట్టపరమైన పనులకు ఇదే చెల్లుతుంది. దీని ఫోటోకాపీని చాలా సంస్థలు అంగీకరించవు. బీమా సంస్థ, బ్యాంకు, ఆస్తి నమోదు కార్యాలయం విడివిడిగా ప్రతి కోరవచ్చు కనుక మొదటిసారే కావలసినన్ని ప్రతులు తీసుకోవడం మంచిది. అంత్యక్రియల సంస్థ ద్వారా కూడా వీటిని తెప్పించుకోవచ్చు.

కాలిఫోర్నియాలో 2003 జూలై 1 నుండి రెండు రకాల సర్టిఫైడ్ ప్రతులు ఇస్తున్నారు. సమీప బంధువులు, న్యాయవాదులు వంటి చట్టం పేర్కొన్న వ్యక్తులకు అధీకృత ప్రతి ఇస్తారు. ఇతరులకు, గుర్తింపు నిరూపణకు చెల్లదని ముద్రించిన సమాచార ప్రతి ఇస్తారు. దానితో బ్యాంకు, బీమా పనులు సాధారణంగా జరగవు.

ఇతర రాష్ట్రాల నియమాలు భిన్నంగా ఉన్నాయి. టెక్సస్‌లో మరణించిన 25 సంవత్సరాల తరువాత, పెన్సిల్వేనియాలో 50 సంవత్సరాల తరువాత రికార్డు అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఫ్లారిడాలో మరణ కారణం లేని ప్రతిని వయోజనులెవరైనా పొందవచ్చు. మరణ కారణాన్ని మాత్రం 50 సంవత్సరాలపాటు సమీప బంధువులు మొదలైన అర్హులకే తెలుపుతారు.

దరఖాస్తు

దరఖాస్తులో సాధారణంగా ఈ వివరాలు పేర్కొనవలసి ఉంటుంది:

* మరణించిన వ్యక్తి పూర్తి పేరు, తెలిసినచో ఇతర పేర్లు
* మరణించిన తేదీ, నగరం, కౌంటీ
* పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జీవిత భాగస్వామి పేరు
* దరఖాస్తుదారునికి గల బంధుత్వం, పత్రం కోరుతున్న కారణం
* దరఖాస్తుదారుని గుర్తింపు పత్రం, నిర్ణీత రుసుము

కాలిఫోర్నియాలో అధీకృత ప్రతికి తపాలా ద్వారా దరఖాస్తు చేసేవారు నోటరీ ఎదుట చేసిన ప్రమాణ పత్రాన్ని జతపరచాలి. రికార్డు లభించకపోయినా వెదకినందుకు రుసుము వసూలు చేసే కార్యాలయాలు ఉన్నాయి. అందువలన తేదీ, స్థలం వీలైనంత ఖచ్చితంగా వ్రాయాలి.

పొరపాట్లు, సవరణ

వ్యక్తిగత వివరాలు దుఃఖంలో ఉన్న బంధువులు జ్ఞాపకం మీద చెప్పినవి. కనుక తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ తప్పుగా నమోదయ్యే అవకాశం ఉంది. తెలుగువారి విషయంలో ఇంటిపేరు ముందు వ్రాసే అలవాటు వలన మరొక చిక్కు ఏర్పడుతుంది. పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, అమెరికా పత్రంలో అదే పేరు పూర్తిగా చివరనూ ఉండవచ్చు. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నిరూపించలేకపోతే వారసులకు ఆస్తి బదిలీ నిలిచిపోతుంది. అందువలన దాఖలు చేయడానికి ముందే అంత్యక్రియల సంస్థ చూపించే చిత్తుప్రతిని పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిపోల్చుకోవాలి. తరువాత సవరించాలంటే ఆధారాలతో ప్రత్యేక దరఖాస్తు చేయాలి. మరణ కారణాన్ని వైద్యుడు లేదా కరోనర్ ద్వారానే సవరించగలరు.

పాత రికార్డులు లభించనప్పుడు

1871లో షికాగో అగ్నిప్రమాదంలో కుక్ కౌంటీ రికార్డులు, 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం, మంటలలో ఆ నగర రికార్డులు నాశనమయ్యాయి. ఇటువంటి సందర్భాలలో చర్చి రిజిస్టర్లు, శ్మశాన వాటికల పుస్తకాలు, వార్తాపత్రికలలోని మరణ వార్తలు, వీలునామా కేసుల దస్తావేజులు ఉపకరిస్తాయి. 1850 నుండి 1880 వరకు జరిగిన జనాభా లెక్కలలో అంతకు ముందు ఏడాది కాలంలో మరణించినవారి జాబితాలు కూడా తయారుచేశారు. సోషల్ సెక్యూరిటీ మరణ సూచిక మరొక ఆధారం. 2013 నాటి చట్టం వలన ఇటీవల మూడు సంవత్సరాలలో మరణించినవారి వివరాలు ఇందులో అందరికీ లభించవు. ఇవన్నీ పరిశోధనకు ఉపయోగపడతాయి గాని ధ్రువీకరణ పత్రానికి ప్రత్యామ్నాయం కావు.

భారతదేశంలో వినియోగం

అమెరికాలో భారత పౌరుడు మరణించినప్పుడు భౌతికకాయాన్ని స్వదేశానికి తరలించడానికి భారత కాన్సులేటు అనుమతి కావాలి. ఇందుకు సమర్పించే పత్రాలలో స్థానిక మరణ ధ్రువీకరణ పత్రం ప్రధానమైనది. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 20వ సెక్షను ప్రకారం విదేశాలలో మరణించిన భారత పౌరుల వివరాలను భారత కాన్సులేటులో నమోదు చేస్తే అది స్వదేశంలో జరిగిన నమోదుతో సమానమవుతుంది.

కౌంటీ పత్రాన్ని భారతదేశంలోని కార్యాలయాలలో చూపడానికి దానిపై అపోస్టిల్ అనే ధ్రువీకరణ వేయించాలి. 1961 నాటి హేగ్ ఒప్పందం కింద ఏర్పడిన ఈ పద్ధతి అమెరికాలో 1981 నుండి, భారతదేశంలో 2005 నుండి అమలులో ఉంది. పత్రం జారీ అయిన రాష్ట్రంలోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం సాధారణంగా దీనిని ఇస్తుంది.

అమెరికా పౌరసత్వం పొందిన తెలుగువారు స్వగ్రామానికి వచ్చినప్పుడు మరణిస్తే అమెరికా కౌంటీలో రికార్డు ఉండదు. ముందుగా ఇక్కడి పంచాయతీ లేదా మునిసిపాలిటీలో నమోదు చేయించాలి. ఆ పత్రం ఆధారంగా అమెరికా కాన్సులేటు ప్రత్యేక మరణ నివేదిక ఇస్తుంది. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో ప్రారంభమయింది.

భారతీయ పద్ధతితో పోలిక

భారతదేశంలో 1969 నాటి చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. మరణాన్ని 21 రోజులలో తెలియజేయాలి. మరణం జరిగిన చోటనే నమోదు చేయడం రెండు దేశాలకూ సామాన్య లక్షణం. అయితే భారతదేశంలో ఇచ్చే పత్రంలో మరణ కారణాన్ని వెల్లడించకూడదని 17వ సెక్షను నిర్దేశిస్తుంది. అమెరికా పత్రాలలో అది సాధారణంగా ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* మరణ ధ్రువీకరణ పత్రం
* జనన మరణాల నమోదు చట్టం, 1969
* అపోస్టిల్
* వీలునామా