‘ఛాయ తక్కువ’ అనే మాట ఎక్కడిది?

గత ఏడాది ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం కోసం మా హాస్టల్ పిల్లలు థింసా సాధన చేస్తున్నారు. అందరికంటే బాగా అడుగు వేసే అమ్మాయి ముందు వరుస వదిలి వెనక్కి వెళ్ళి నిలబడింది. ఎందుకమ్మా అని అడిగితే, “నాకు ఛాయ తక్కువ మేడం, ఫొటోలో బాగుండను” అంది. ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఆ ఒక్క మాటనే పాఠంగా చదువుకున్నాం. అదే మీకూ చెబుతున్నాను.

‘ఛాయ’ సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాట. అమరకోశం దీనికి నాలుగు అర్థాలు చెప్పింది: సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేని చోటు. అంటే వెలుగూ ఛాయే, నీడా ఛాయే. తెలుగులో రంగు, రంగులో కనిపించే మరో రంగు జాడ అనే అర్థాల్లోనూ దీన్ని వాడుతున్నాం. చిగురాకులో ఎరుపు ఛాయ ఉందంటాం. ఒంటి రంగును మేనిఛాయ అంటాం. ఈ అర్థాల్లో ఎక్కడా ఎక్కువ తక్కువలు లేవు.

మనలో చాలామందిది చామనఛాయ. ఇందులోని ‘చామన’ శ్యామ అనే మాట నుంచి పుట్టింది. పాత కావ్యాల్లో స్త్రీని ‘చామ’ అన్నారు. అదీ శ్యామ నుంచి వచ్చిందే. మహాభారతంలో ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె నల్లని మేని వల్లే వచ్చింది.

మరి ఈ ‘తక్కువ’ ఎలా వచ్చి చేరింది? ఇది ఒక్క చోట పుట్టింది కాదు. కులాల హెచ్చుతగ్గులు, పెళ్ళిచూపుల బేరాలు దీన్ని పెంచాయి. బ్రిటిష్ పాలనలో అధికారులు మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతులుగా విడదీశారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో అలాంటి కొలతలు కనిపిస్తాయి. 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఒక తెల్లబరిచే క్రీము, విమర్శలు పెరిగాక 2020లో పేరు మార్చుకుంది. పేరు మారింది గానీ అద్దం ముందు మన చూపు ఇంకా మారలేదు.

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. ఎండ దెబ్బ నుంచి చర్మాన్ని కాపాడేదీ అదే. ఆ లెక్కన చూసినా మనకున్నది తక్కువ కాదు, ఎక్కువే.

ఈసారి ఎవరైనా ‘ఛాయ తక్కువ’ అంటే, “దేనికంటే తక్కువ?” అని అడగండి. మా అమ్మాయి ఆ ప్రశ్నే వేసుకుంది. ఆగస్టు 9న ముందు వరుసలోనే ఆడింది.